ఆతార్ రాజా, సేనానా?

ప్రశ్న: స్వరకర్త సాలియేరి ఒపెరా (పాటలతో సాగే నాటకం) 'ఆక్సూర్' వింటూ 'తరార్' లిబ్రెటో (ఒపెరా మాటల పుస్తకం) చూస్తున్నాను. రెండూ ఒకే ఒపెరా అంటారు, మరి ఒక్క చోటా కలవదేం?

జవాబు: కలవదండీ. 'తరార్' ఫ్రెంచి ఒపెరా. నాటకకర్త బొమార్షే మాటలు రాయగా, సాలియేరి సంగీతంతో 1787 జూన్‌లో పారిస్‌లో ఆడింది. రెండో జోసెఫ్ చక్రవర్తి దాన్ని వియన్నాకు ఇటాలియన్‌లో కావాలన్నాడు. సాలియేరి పాత స్వరాలకే కొత్త మాటలు అతికిద్దామని చూశాడు గానీ పొసగలేదు. ఆ సంగీతం నటన ముందు, గానం తర్వాత అనుకునే ఫ్రెంచి గాయకుల కోసం కట్టింది. వియన్నాలోని ఇటాలియన్ గాయకులకు నిండైన రాగవరుసలు కావాలి. దాంతో ఆస్థాన కవి డా పోంటే కథను తిరగరాస్తే, సాలియేరి చాలా భాగం కొత్తగా కట్టాడు. 1788 జనవరి 8న బుర్గ్ థియేటర్‌లో, యువరాజు ఫ్రాంజ్ పెళ్లి వేడుకల్లో ఆడారు.

మిమ్మల్ని తికమక పెట్టేది పేర్లే. ఫ్రెంచిలో ఆతార్ దుష్టుడైన రాజు, తరార్ సేనాని. ఇటాలియన్‌లో రాజు ఆక్సూర్ అయ్యాడు, ఆతార్ పేరు సేనానికి వెళ్లింది! అస్తాజీ అస్పాసియా అయింది. ఫ్రెంచి ప్రోలోగ్‌ను (నాందిని) తీసేశారు కనుక మొదటి పేజీ నుంచే దారి తప్పుతారు. డా పోంటే లిబ్రెటో తెచ్చుకోండి. ఆక్సూర్‌ది బాస్ (మంద్రమైన మగ) గొంతు, ఆతార్‌ది టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు). పేజీ జారినా గొంతును బట్టి పట్టుకోవచ్చు. ఆక్సూర్‌గా మొదట పాడింది గాయకుడు బెనూచ్చి, మోజార్ట్ ఒపెరాలో ఫిగరో పాత్రను తొలిసారి పాడిందీ ఆయనే.

ప్రశ్న: స్వరకర్త చిమరోజా ఒపెరా 'రహస్య వివాహం' లిబ్రెటో కూడా డా పోంటేదేనా?

జవాబు: కాదు, కవి బెర్తాతిది. 1791లో డా పోంటేకు కొలువు పోయాక ఆస్థాన కవి అయింది బెర్తాతియే.