వ్యూస్ వచ్చాయి సరే, పని నేర్చుకుంటోందా?

ప్రశ్న: మాది పోచంపల్లి. మగ్గం మీదే బతుకుతున్నాం. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ ఎంపీసీ పాసైంది. వాళ్లమ్మ ఆసు పోస్తుంటే (నేతకు ముందు నూలును చేత్తో పిన్నుల చుట్టూ తిప్పుతుంటే) తీసి ఇన్‌స్టాలో పెట్టిన రీల్‌కు లక్షన్నర వ్యూస్ వచ్చాయి. ఇక చదువు వద్దు, కంటెంట్ క్రియేటర్ అవుతానంటోంది. అసలు అదొక పనేనా? ఏం చెప్పమంటారు?
– ఒక చేనేత కార్మికుడు

జవాబు: పనే. బాగా చేయాలంటే కష్టమైన పని కూడా. అయితే నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం కాదు. వీడియోలు వద్దనకండి, చదువు మానేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

ముందు డబ్బు సంగతి. ఇన్‌స్టాలో మన దగ్గర వ్యూస్ వచ్చినంత మాత్రాన ఆదాయం రాదు. బ్రాండ్లు ఇచ్చే ప్రమోషన్ల వల్లే ఎక్కువగా చేతికి ఏమైనా వస్తుంది. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా ఇస్తుంది. కానీ దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గడిచిన 12 నెలల్లో జనం ఆ చానల్ వీడియోలను 4,000 గంటలు చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు (చిన్న వీడియోలకు) కోటి వ్యూస్ రావాలి. అప్పుడు పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌కు కేటాయించిన మొత్తంలో 45 శాతం ఇస్తారు. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యాకే బ్యాంకుకు పంపుతారు. అమ్మాయికి 18 నిండలేదు కాబట్టి అప్పటిదాకా పెద్దవాళ్ల ఖాతా కలపాల్సి ఉంటుంది. ఈ లెక్కలు తనతోనే కాగితం మీద రాయించండి.

నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేసేవాళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చేయి మనది, రేటు ఆయనది. ఇక్కడా అంతే. వీడియో మీ అమ్మాయిది, అది ఎవరికి చూపించాలో, దానికి ఎంత ఇవ్వాలో తేల్చేది కంపెనీ. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించగానే లక్షల ఫాలోవర్లున్న మన పిల్లల ఖాతాలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. వాళ్లకు మిగిలింది రాయడం, తీయడం, ఎడిట్ చేయడం, కెమెరా ముందు మాట్లాడటంలో అప్పటికి నేర్చుకున్న పనితనమే. అందుకే మీ అమ్మాయిని ఎన్ని వ్యూస్ వచ్చాయని కాదు, ఈ నెల కొత్తగా ఏం నేర్చుకున్నావని అడగండి.

ఆ రీల్‌నే కాస్త పెద్ద వీడియోగా చేసి యూట్యూబ్‌లో పెట్టమనండి. చానల్ లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియోలో ఒక గీత కనిపిస్తుంది. జనం ఎంతసేపు చూశారో, ఏ క్షణంలో వదిలేసి వెళ్లారో అది చెబుతుంది. గీత ఎక్కడ పడిపోయిందో చూసి, అక్కడ తెర మీద ఏముందో వెతకాలి. అనవసరంగా సాగదీసిందా? వాళ్లమ్మ చేయి కనబడకుండా ఫోన్ అడ్డం వచ్చిందా? మగ్గం చప్పుడులో మాట మునిగిపోయిందా? మాట విడిగా రికార్డు చేసి తర్వాత కలపడం నేర్చుకుంటే ఆ చప్పుడునే తక్కువ చేసి వెనక వినిపించవచ్చు. రంగులోంచి తీసిన నూలుకు, రంగు అంటకుండా వేసిన కట్లు విప్పేటప్పుడు లోపలి తెలుపు బయటపడే క్షణం రెండోసారి దొరకదు. ఫోన్ ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. ఇదంతా ఓపికతో చేస్తోందంటే ఆ అమ్మాయిలో నిజమైన ఆసక్తి ఉన్నట్టే.

చెప్పడానికి విషయమూ ఉండాలి. అది మీ ఇంట్లోనే బోలెడు ఉంది. తల్లి ఆసు పోస్తూ పడే బాధ చూసి చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చేతి ఆసునూ యంత్రాన్నీ పక్కపక్కన చూపిస్తూ మీ ఆవిడ భుజం నొప్పి గురించి ఆమె నోటితోనే చెప్పిస్తే, ఆ వీడియో ఇంకెవరూ చేయలేరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్ 2012లో మొదలైంది. ఊరి మాట, ఊరి పనులే వాళ్ల బలం. అందులో నటించే గంగవ్వ పేరు ఇంటింటికీ చేరడానికి ఆ తర్వాత ఏళ్లు పట్టింది, అదీ ఒక టీం కలిసి పనిచేస్తే.

చదువు విషయానికొస్తే, ఇంజినీరింగే చేయమని నేననను. ఈ ఏడాది దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా మాస్ కమ్యూనికేషన్ ఉన్న డిగ్రీలో చేర్చవచ్చు. నాకైతే హైదరాబాద్ మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ మీద ఆశ ఉంది. అక్కడ టెక్స్‌టైల్ డిజైన్, ఫ్యాషన్ కమ్యూనికేషన్ రెండూ నాలుగేళ్ల కోర్సులు, ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఫీజు ఎక్కువే, కాబట్టి చేతివృత్తులవాళ్ల పిల్లలకు ఇచ్చే ప్రత్యేక ప్రవేశం గురించి మీ చేనేత గుర్తింపు కార్డు పట్టుకుని తప్పక కనుక్కోండి. చానల్ పెద్దది కాకపోయినా డిజైన్ తెలిసి, వీడియో తీసి, అమ్మకానికి పెట్టగల మనిషిని చేనేత సంఘాలు, చీరల షోరూములు, ఆన్‌లైన్ దుకాణాలు వెతుక్కుంటాయి.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ఫాలోవర్లు పెరగగానే బెట్టింగ్ యాప్‌ల వాళ్లు మెసేజ్ పెడతారు. 2025 మార్చిలో అలాంటి ప్రమోషన్లు చేసిన యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో పోలీసు కేసులు పడ్డాయి. అదే ఏడాది వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఎవరైనా చీర ఊరికే ఇచ్చి చూపించమన్నా, అది ప్రమోషన్ అని వీడియోలో చెప్పి తీరాలి. డబ్బు ఇస్తామని ఎవరొచ్చినా ఒప్పందం కాగితం మీద అడగండి, మీరు చదవకుండా అమ్మాయిని సంతకం పెట్టనివ్వకండి.