ఎగశ్వాసను ఊపిరి అనుకోకు

తల్లీ,

నీకు పోలీసు ఉద్యోగంలో పోస్టింగ్ వచ్చిందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. డ్యూటీ గురించి చెప్పేవాళ్లు స్టేషన్‌లో బోలెడంత మంది ఉంటారు. నేను మాత్రం నాకెవరూ చెప్పని సంగతి రాస్తున్నాను. అది ముందే తెలిసి ఉంటే ఒక మనిషి బతికేవాడేమో.

సర్వీసులో చేరిన మూడో ఏడు. రోడ్డు పక్కన ఒకాయన కుప్పకూలాడంటే పరుగెత్తాను. నోరు తెరుచుకుని, ఒడ్డున పడ్డ చేపలా ఆగి ఆగి గాలి లాగుతున్నాడు. ‘ఊపిరి ఉంది, భయం లేదు’ అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని అంబులెన్స్ కోసం చూస్తూ కూర్చున్నాను. అది ఊపిరి కాదని, ఎగశ్వాస అని డాక్టరు తర్వాత చెప్పారు. గుండె అప్పటికే ఆగిపోయింది. ఆయన చొక్కా పై గుండీ నా వేళ్లతో నేనే విప్పాను. ఆ చేతులే ఛాతీ మీద పెట్టాల్సింది.

అందుకని చెబుతున్నాను. భుజాలు తట్టి గట్టిగా పిలువు. పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే ఇక ఆలోచించకు. నాడి కోసం వెతుకుతూ కూర్చోకు, ఆ టెన్షన్‌లో మన వేళ్లకు మన నాడే తగులుతుంది. గుంపులో ఒకరిని వేలితో చూపించి ‘మీరు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి’ అను. అందరికీ కలిపి చెబితే ఎవరూ చెయ్యరు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువు దించి నొక్కు. 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వు. పక్కటెముక విరిగినట్టు చేతికి తెలిసినా ఆపకు, ఎముక అతుక్కుంటుంది. రెండు నిమిషాలకోసారి ఇంకొకరికి అప్పగించు. అలసిపోయిన సంగతి నీకు తెలియదు కానీ లోతు తగ్గిపోతుంది. నోటితో ఊదడం రాకపోతే నొక్కడమైనా మానకు. నీళ్లలో మునిగినవాళ్లకూ, పిల్లలకూ మాత్రం ఊదడం చాలా ముఖ్యం. అది పట్టుబట్టి నేర్చుకో.

ఏమీ చెయ్యకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. చాలాచోట్ల అంబులెన్స్ కన్నా పోలీసు బండే ముందు చేరుతుంది. అందుకే అమెరికాలోని రోచెస్టర్‌లో 1990లోనే పోలీసు కార్లలో డీఫిబ్రిలేటర్లు, అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రాలు పెట్టారు. మీ బండిలో అది ఉంటే భయపడకు, ఏం చెయ్యాలో అదే చెబుతుంది. దాని ప్యాడ్లు ఛాతీకి అంటించేదాకా మాత్రం నొక్కడం ఆగకూడదు.

మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెట్టకు, నోట్లో ఏదీ దూర్చకు. తలకు దెబ్బ తగలకుండా చూసి, మూర్ఛ ఎంతసేపు ఉందో టైము చూసుకో. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదుము, మాటిమాటికీ తీసి చూడకు.

ఇంకొకటి మన ఉద్యోగానికే ప్రత్యేకం. తూలుతూ, ముద్దముద్దగా మాట్లాడేవాడిని చూడగానే తాగాడని రాసేస్తాం. షుగర్ పడిపోయినా అలాగే ఉంటుంది, పక్షవాతం మొదలైనా, తలకు దెబ్బ తగిలినా అంతే. మందు వాసన వచ్చినంత మాత్రాన అవి లేవని కాదు. షుగర్ ఉందా అని అడుగు, జేబులో మాత్రలు చూడు. స్పృహలో ఉండి మింగగలిగితేనే పంచదార నీళ్లు ఇవ్వు. పక్షవాతమేమో తెలియాలంటే నవ్వమను, రెండు చేతులూ ఎత్తమను. ఒక పక్క జారిపోతే ఎప్పుడు మొదలైందో కనుక్కుని ఆస్పత్రికి పంపించు. బేడీలు వేసినవాడిని బోర్లా వదిలెయ్యకు, వెంటనే పక్కకు తిప్పి కూర్చోబెట్టు. ‘ఊపిరి ఆడట్లేదు’ అంటే నాటకం అనుకోకు. లాకప్‌లో నిద్రపోతున్నాడనుకున్న మనిషిని కటకటాల బయటినుంచి చూసి వెళ్లిపోకు, లోపలికెళ్లి లేపు.

ఇవన్నీ ఒకసారి నేర్చుకుంటే కొన్ని నెలలకే చేతులు మర్చిపోతాయి, మళ్లీ మళ్లీ చెయ్యాలి. ట్రైనింగ్‌లో బొమ్మ మీద రెండు నిమిషాలు ఆగకుండా నొక్కగలిగావో లేదో నాకు రాయి.

నీ మావయ్య