టైటానిక్‌ని మళ్లీ ముంచబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నువ్వు ఉద్యోగం మానేసి టైటానిక్ మునక మీద యానిమేషన్ చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "నువ్వైనా చెప్పన్నయ్యా, నీ మాటైతే వింటుంది" అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. నేను చెప్పను. హైదరాబాద్‌లో ఇన్నేళ్లూ ఎవరెవరి సినిమాలకో పేలుళ్లూ పొగలూ చేసిపెట్టావు. ఇప్పుడు సొంతంగా ఒక పని చేసుకుంటానంటే, అదీ ఓడ మీద చేస్తానంటే, జీవితమంతా విశాఖ సింధియా షిప్‌యార్డులో ఓడల హల్, అంటే ఓడ బయటి ఒళ్లు, కట్టే పనిలో గడిపిన మామయ్యకి గర్వంగా ఉండదా? కానీ దాంతోపాటే టెన్షన్ కూడా పట్టుకుంది. నువ్వు పంపిన టెస్ట్ క్లిప్ చూశాక అది ఇంకా పెరిగింది. అందుకే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసి ఊరుకోకుండా ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ముందు తేలికవి చెప్పేస్తాను. కొలతలన్నీ ఒకే లెక్కలో పెట్టుకో: పొడవు 269 మీటర్లు, వెడల్పు 28. నాలుగో పొగగొట్టం గాలి కోసం పెట్టింది, దాంట్లోంచి బాయిలర్ల పొగ రానివ్వకు. ఆ రాత్రి చంద్రుడు లేడు, సముద్రంలో అల లేదు. నువ్వు మాత్రం ఒంటిగంట దాటితే కంప్యూటర్ కట్టేసి పడుకోవాలి.

ఫైళ్ల కాపీల సంగతి మాత్రం ఒక్క ముక్కలో వదలను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ రెక్కలు ఊడిపోయి, నేను దాచుకున్న డ్రాయింగుల కట్ట తడిసి ముద్దయింది. మీ అత్తయ్య ఒక్కొక్క షీటూ విడదీసి ఆరబెడదామని చూసింది. విడదీస్తుంటేనే చిరిగిపోయాయి. ఒక కాపీ నీ దగ్గర, ఒకటి మీ అమ్మ దగ్గర, ఒకటి క్లౌడ్‌లో ఉండాలి. ఈ ఉత్తరం చదవడం అయ్యాక చేసే మొదటి పని అదే.

ఇక నీ క్లిప్. అందులో ఓడ వెనకభాగం 45 డిగ్రీలు లేచి, ఠపీమని విరిగి, విరిగినచోట ముక్కలు పెంకుల్లా ఎగిరాయి. 1997లో వచ్చిన సినిమా చూస్తూ పెరిగిన పిల్లవి, నిన్ననడానికేముంది! కానీ అంత ఎత్తు లేచేదాకా ఆ హల్ ఆగదమ్మా. ఓడ మామూలుగా తేలుతున్నప్పుడు దాని బరువుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీళ్లు మోస్తుంటాయి. ముందు గదులు నిండి ముక్కు దిగిపోతే వెనకభాగం పైకి లేస్తుంది. అక్కడున్న ప్రొపెల్లర్లు, షాఫ్టులు, డెక్కులు, వాటి బరువంతా కింద ఆసరా లేక నడుము మీద పడుతుంది. పై డెక్కులు సాగుతాయి, కింద కీల్, అంటే ఓడ వెన్నెముక, నొక్కుకుపోతుంది. మేం దాన్ని హాగింగ్ అంటాం. కొంచెం లేచేసరికే ఆ భారం అంచుకి చేరుకుంటుంది. ఓడ ఇంకా నిటారు అవుతున్నకొద్దీ అది తగ్గుతుందే కానీ పెరగదు. అందుకే విరగాల్సిన ఓడ తక్కువ వాలులోనే విరుగుతుంది. తర్వాత లెక్కలు కట్టినవాళ్లలో 11 డిగ్రీల దగ్గర అన్నవాళ్లున్నారు, 23 అన్నవాళ్లున్నారు. ఆ సినిమా దర్శకుడే 2012లో నిపుణుల్ని కూర్చోబెట్టి మళ్లీ లెక్క వేయించి 23 దగ్గరికి వచ్చాడు. వినడానికి 23 చిన్న అంకెలా ఉంటుంది. ఆ వాలులో ఉన్న డెక్ మీద మనిషి ఏదీ పట్టుకోకుండా నిలబడటం చాలా కష్టం. నీ సీన్‌కి కావలసిన భయం అందులోనే ఉంది.

ఉక్కు గాజులా పగలదు. పచ్చి వేపకొమ్మని వంచి చూడు: పై బెరడు ముందు చిట్లుతుంది, మధ్యలో పేళ్లు లేస్తాయి, అడుగు పీచు మాత్రం కాసేపు రెండు ముక్కల్నీ పట్టుకుని వేలాడుతుంది. టైటానిక్ అడుగున డబుల్ బాటమ్, అంటే రెండు పొరల అడుగు, ఉంది. ఆ అడుగుభాగం తాలూకు పెద్ద ముక్కలు 2005లో సముద్రం అడుగున దొరికాయి. చీలిక పైనుంచి కిందికి దిగిందా, కింద నలిగి పైకి పాకిందా అన్నదాని మీద ఇప్పటికీ వాదన ఉంది. నువ్వు ఏది ఎంచుకున్నా ప్లేట్లు కొన్నిచోట్ల రివెట్ల వరుస వెంట, కొన్నిచోట్ల నడిమధ్యలోంచి చిరగాలి. విరగడం ఒక క్షణంలో అయిపోకూడదు. ఓడ పెద్దది కాబట్టి ఏ కదలికైనా కంటికి నింపాదిగానే కనిపిస్తుంది. మా స్లిప్‌వే మీదనుంచి కొత్త ఓడ జారేటప్పుడు అది కదిలిందా లేదా అని కాసేపు మాకే అనుమానంగా ఉండేది.

చీలిక ఎక్కడ పుడుతుందో నాకు పుస్తకాలకంటే ముందు రిపేరు పని నేర్పింది. పాత సరుకు ఓడ వస్తే ముందు హ్యాచ్ (డెక్ మీద సరుకు దించే ద్వారం) మూలలు చూసేవాళ్లం. వెంట్రుకవాసి పగులు రంగు కింద కనపడదు. అక్కడ కిరోసిన్ రాసి, శుభ్రంగా తుడిచేసి, పైన సుద్ద పూస్తాం. కాసేపటికి పగుల్లో దాక్కున్న కిరోసిన్ తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీతలా తేలుతుంది. ఆ గీత చివర డ్రిల్‌తో చిన్న రంధ్రం వేస్తే పగులు అక్కడితో ఆగుతుంది, తర్వాత తీరిగ్గా వెల్డింగు చేసుకోవచ్చు. ఖాళీ ఉన్నచోట, మూల ఉన్నచోట ఓడ బలహీనం. టైటానిక్‌లో మూడో పొగగొట్టం ప్రాంతంలో, బాయిలర్ రూమ్ 1కీ ఇంజన్లకీ దగ్గర, పైనుంచి కిందిదాకా పెద్ద పెద్ద ఖాళీలున్నాయి. అక్కడే విరిగింది. పై డెక్కుల్లో ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఉంది కాబట్టి ఓడ అక్కడ ముందే కోసిపెట్టినట్టు విడిపోయిందని చాలామంది చూపిస్తారు. అలా చెయ్యకు. ఆ జాయింటు పైకట్టడం వంగడానికి వదిలిన సందు మాత్రమే, అసలు హల్‌ని అది కొయ్యదు.

ఇప్పుడు నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. నా తప్పు కాదు, నీది కాదు, వందేళ్ల కిందటి పెద్దమనుషులది. నీ పని మొత్తం దీనిమీదే నిలబడాలి, కాబట్టి విసుక్కోకుండా చదువు.

ఓడ మునిగింది 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున 2:20కి. బతికి బయటపడిన ఏడు వందల పైచిలుకు మందిలో చాలామంది దాన్ని పడవల్లోంచి చూశారు. ఓడ రెండు ముక్కలైందని కొందరు నావికులు చెప్పారు, ప్రయాణికులు చెప్పారు. జాక్ థేయర్ అని పదిహేడేళ్ల కుర్రాడు, తిరగబడిన పడవ మీదికి ఎక్కి బతికినవాడు, వాళ్లని కాపాడిన కార్పాథియా ఓడ మీద తను చూసింది వర్ణించి చెబితే స్కిడ్‌మోర్ అనే ప్రయాణికుడు దాన్ని బొమ్మలుగా గీశాడు. ఆ బొమ్మల్లో ఓడ విరుగుతుంది. కానీ బతికిన అధికారుల్లో అందరికంటే పెద్దవాడైన లైటాలర్, ఓడ విరగలేదు, అలాగే మునిగిందని సాక్ష్యం చెప్పాడు. లారెన్స్ బీస్లీ అనే టీచరుకి పెద్ద చప్పుడు వినిపించింది, అది ఇంజన్లూ బాయిలర్లూ ఊడి ముందుకి దొర్లిన చప్పుడై ఉంటుందన్నాడు. బ్రిటన్‌లో లార్డ్ మెర్సీ విచారణ అధికారుల మాట వైపే మొగ్గింది. ఓడ విరగకుండా మునిగిందని తేల్చేసింది. అంతే, ఆ తర్వాత డెబ్భై ఏళ్లు బొమ్మల్లో, పుస్తకాల్లో, సినిమాల్లో ఓడ విరగకుండా ఒకే ముక్కగా మునిగింది.

ఇవా హార్ట్ అనే పాపకి అప్పుడు ఏడేళ్లు. తండ్రి ఓడలోనే ఉండిపోయాడు. తల్లితో పడవలో కూర్చుని ఓడ రెండుగా విడిపోవడం చూసింది. జీవితమంతా అదే చెప్పింది. చిన్నపిల్లవి, చీకట్లో నీకేం కనిపించి ఉంటుందిలే అన్నట్టే చూసింది లోకం. 1985 సెప్టెంబర్ 1న రాబర్ట్ బల్లార్డ్, జాన్ లూయీ మిషెల్‌ల బృందం 3,800 మీటర్ల లోతులో వెతుకుతుంటే కెమెరాకి మొదట ఒక బాయిలర్ కనిపించింది. తర్వాత తెలిసింది, ముందు సగం ఒకచోట, వెనక సగం దానికి సుమారు 600 మీటర్ల అవతల పడున్నాయని. అప్పటికి ఆవిడ వయసు 80.

బాయిలర్లు కూడా సాక్ష్యం చెప్పాయి. అవన్నీ ఊడి ముక్కు వైపు దొర్లిపోయి ఉంటే ముందు సగంలో కుప్పగా ఉండాలి కదా? బాయిలర్ రూమ్ 2లోవి విరిగిన అంచు దగ్గర వాటి చోట్లో అవి ఉన్నాయి. బాయిలర్ రూమ్ 1లోని 5 మాత్రం చెల్లాచెదురైన శకలాల మధ్య దొరికాయి. ఓడ సరిగ్గా వాటి దగ్గరే తెరుచుకుంది. విచారణలో కూర్చున్నవాళ్లు అబద్ధాలకోరులని నేననను. అంత పెద్ద ఓడ, అంత మంచి కంపెనీ కట్టింది, విరగదని ముందే మనసులో పెట్టుకుని విన్నారు. నావికుడి మాటా పిల్ల మాటా ఆ నమ్మకం ముందు తేలికైపోయాయి. నాకు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి సాక్ష్యాలు నువ్వే చదువు, ఎవరో తయారుచేసిన వీడియో చూసి దాన్ని కాపీ కొట్టకు. ఎవరు ఏ పడవలో, ఓడకి ఏ వైపు, ఎంత దూరంలో ఉన్నారో ఒక పటం వేసుకుని, ప్రతి పడవ దగ్గరా ఒక కెమెరా పెట్టు. దీపాలు ఆరిపోయింది దాదాపు విరిగే సమయంలోనే కాబట్టి ఒకరికి కనిపించింది ఇంకొకరికి నల్లటి ఆకారం మాత్రమే. లైటాలర్‌కి ఎందుకు కనిపించలేదో కూడా నీ బొమ్మే చూపిస్తుంది. థేయర్ బొమ్మల్లో విరిగాక ముక్కు మళ్లీ పైకి లేస్తుంది, అది మాత్రం నీళ్లు నిండిన హల్‌కి సాధ్యం కాదని నా అభిప్రాయం. చూసినవాళ్లని నమ్ము, కానీ ప్రతి గీతనీ లెక్కతో సరిచూడు. 2022లో శిథిలం మొత్తాన్ని ఏడు లక్షల పైగా ఫోటోలతో స్కాన్ చేశారు. విరిగిన అంచుల ఆకారానికి నీకు అంతకంటే ఆధారం లేదు.

దీపాల మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా అడుగుతున్నాను. మంచుకొండ తగిలిన 11:40 నుంచి చివరి నిమిషాలదాకా ఆ ఓడలో కరెంటు ఉంది. చీఫ్ ఇంజనీర్ జోసెఫ్ బెల్, ఆయన కింద ఉన్న ఇంజనీర్లు కింద డైనమోలు ఆగకుండా చూసుకున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా బతకలేదు. ఆ స్కాన్‌లో వెనక సగం మీద ఆవిరి వాల్వ్ ఒకటి తెరిచే ఉంది, అంటే చివరిదాకా డైనమోలకి ఆవిరి వదులుతూనే ఉన్నారన్నమాట. నీ క్లిప్‌లో దీపాలు మధ్యలోనే మిణుకుమిణుకుమంటున్నాయి, ఎఫెక్టు కోసం కాబోలు. తీసెయ్. రెండు గంటలకి పైగా వాళ్లు నిలబెట్టిన వెలుగు అది, వరుసలు వరుసలుగా కిటికీలు వెలుగుతూనే నీళ్ల కిందికి వెళ్లాలి. చివర్లో ఎర్రబడనివ్వు, విరిగే ముందు ఒకసారి ఆరి వెలిగి మళ్లీ ఆరిపోనివ్వు.

విరిగాక వెనక సగం కాసేపు దాదాపు సమంగా కిందికి వాలింది. అది తేలుతుందని ఆశపడ్డవాళ్లున్నారు. తర్వాత నిండుతూ మళ్లీ లేచి, తిరుగుతూ మునిగింది. ముందు సగంలో అప్పటికే నీళ్లు నిండి ఉండబట్టి అడుగున ఇప్పటికీ ఓడలాగే ఉంది. వెనక సగంలో గాలి మిగిలి ఉండబట్టి లోతుకి వెళ్తుంటే నలిగి, డెక్కులు ఒకదాని మీద ఒకటి కూలి, ఇప్పుడు చూస్తే ఏది ఏదో తెలియని తుక్కుగా ఉంది.

ఆ వెనక సగం మీదే వందలమంది ఉన్నారు తల్లీ. నాకు అసలు బెంగ నీ గురించే. చిన్నప్పుడు నిన్ను ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్లాను, గుర్తుందా? లోపల ఆ ఇరుకు దారిలో నా చొక్కా పట్టుకుని, "నీళ్లొస్తే వీళ్లెటు పరిగెత్తేవాళ్లు మామయ్యా?" అని ఏడ్చేశావు. ఆ పిల్ల నెలల తరబడి ఒంటరిగా కూర్చుని, సుమారు 1,500 మంది చావుని ఫ్రేము ఫ్రేముగా చేస్తుందంటే నాకెలా ఉంటుంది? ఆ షాట్లు పగలే చెయ్యి. పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చెయ్యి. మనుషుల్ని బొమ్మల్లా విసిరెయ్యకు, అలాగని డెక్ ఖాళీగానూ వదలకు. రెయిలింగు పట్టుకున్న చేతులు కనిపిస్తే చాలు. మనసు బాగోకపోతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నాకు ఎలాగూ నాలుగింటికే మెలకువ వస్తుంది.

మొదటి రఫ్ నాకు పంపు. నీళ్లూ రంగులూ ఏమీ వద్దు, బూడిదరంగు పెట్టెలతో చేసినా సరే. దాంతోపాటు 2 గంటల నుంచి 2:20 దాకా నిమిషానికోసారి ఓడ ఎన్ని డిగ్రీలు వంగిందో, ముక్కు ఎంత దిగిందో ఒక కాగితం మీద రాసి పంపు. నడుము మీద పడే భారం నేను చేత్తో లెక్కవేసి, ఎక్కడ కుదరలేదో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి పంపిస్తాను. ఇంటద్దె విషయంలో మొహమాటపడకు, అడుగు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, కానీ ముందు నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి, అది నీమీద బెంగతో సరిగ్గా అన్నం తినడం లేదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య