పాత పాటలు ఫ్రీగా పంచితే తప్పేంటి?

ప్రశ్న: నా దగ్గర పాత సినిమా పాటల ఎంపీత్రీలు బోలెడున్నాయండీ, టెలిగ్రామ్‌లో గ్రూప్ పెట్టి అడిగినవాళ్లకల్లా పంపిస్తుంటాను, ఒక్క రూపాయి కూడా తీసుకోను. మా బావేమో ఇది దొంగతనం అంటున్నాడు. కంపెనీలు ఆ పాటల మీద ఎప్పుడో సంపాదించేసుకున్నాయి కదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దొంగతనం అనేది కాస్త పెద్ద మాటేలెండి, మీరు పంపినంత మాత్రాన పాట వాళ్ల దగ్గర మాయమైపోలేదు. కానీ డబ్బు తీసుకోవట్లేదు కాబట్టి తప్పు లేదు అంటే చట్టం ఒప్పుకోదు. కొనుక్కున్న సీడీని ఫోన్‌లోకి ఎక్కించుకుని మీరు వింటే ఎవరూ ఏమనరు, మొహం తెలియని వాళ్లందరికీ పంచితే మాత్రం అనుమతి కావాలి.

పాతవి అన్నారు గానీ ఎంత పాతవి? మన దగ్గర రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్ రికార్డుల మీద ఆ గడువు 2017 ఆఖరుతో అయిపోయింది. అయితే సాహిత్యానికి లెక్క వేరు, రాసినాయన పోయాక 60 ఏళ్లు, పింగళి గారు పోయింది 1971లో కాబట్టి ఆ మాటల మీద హక్కు 2031 దాకా ఉంటుంది. ఘంటసాల గారు కట్టిన ట్యూన్లకైతే 2034 దాకా. అంటే కంపెనీ పక్కకి తప్పుకున్నా పాట ఇంకా పూర్తిగా ఫ్రీ కాలేదన్నమాట!

కంపెనీల మీద నాకూ పెద్ద జాలేం లేదు. అమెరికాలో ఒకావిడ 24 పాటలు నెట్‌లో షేర్ చేసిందని కోర్టుకి లాగితే చివరికి 2,22,000 డాలర్లు కట్టమని తీర్పొచ్చింది, ఇదేం న్యాయమో. మన దగ్గరా చాలాకాలం రచయితకీ సంగీత దర్శకుడికీ ఒకసారి ఇంత అని చేతిలో పెట్టి మిగతాదంతా రాయించేసుకున్నారు, 2012లో చట్టం మార్చాకే హాల్లో సినిమాతో పాటు ఆడేది తప్ప మిగతా వాడకాల మీద వాళ్లకి సమాన వాటా అన్నారు, కంపెనీకి రాసిచ్చేసినా చెల్లదన్నారు. మీ ఫ్రీ పంపకంలో పోయేది ఆ వాటా కూడా.

నన్నడిగితే ఎక్కడా దొరకని, కంపెనీయే మర్చిపోయిన రికార్డు పంచేవాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు, చట్టం ఆ తేడా చూడకపోయినా సరే. శుక్రవారం రిలీజైన సినిమా పాటల జిప్ ఫైల్ శనివారం గ్రూపులో పెడితే మాత్రం మీ బావగారి పక్షమే.

ప్రశ్న: తన పాటలు అనుమతి లేకుండా స్టేజీ మీద పాడొద్దని 2017లో ఇళయరాజా గారు బాలు గారికి లీగల్ నోటీసు పంపడం కరెక్టేనా? పాడినాయనకి హక్కుండదా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: బాలు గారి గొంతు ఆయనదే, ట్యూన్ మాత్రం ఆయనది కాదు, అందుకే స్టేజీ మీద పాడాలంటే ట్యూన్ హక్కు ఎవరిదైతే వాళ్ల అనుమతి కావాలి. ఆ లైసెన్స్ మామూలుగా చూసుకోవాల్సింది షో పెట్టేవాళ్లు, గాయకుడు కాదు. నోటీసు వాళ్లకి మాత్రమే పంపి, బాలు గారికి ఒక ఫోన్ చేసుంటే సరిపోయేది.