కుర్చీ వెనక పేరు

ప్రశ్న: మాస్టారూ, వందనాలు. మాది బాపట్ల జిల్లాలో ఒక పల్లె. మొన్నటి ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి మా చర్చి సంఘానికి మైకు సెట్టు, రెండు పెద్ద స్పీకర్లు ఇచ్చారు. తర్వాతి ఆదివారం వాక్యం అయ్యాక మా పాస్టరు అయ్యగారు ఆయన్ని ముందుకు పిలిచి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "మన ఓట్లన్నీ ఒక్క చోటే పడాలి, ఇది దేవుని చిత్తం" అన్నారు. నేను వేరేవాళ్ళకి వేశాను. అప్పటి నుంచి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకునేటప్పుడల్లా ఏదో టెన్షన్. నేను తప్పు చేశానా? విశ్వాసులకి అసలు రాజకీయాలెందుకు అంటారు మావారు. - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు తప్పు చేయలేదు. నిశ్చింతగా బల్ల తీసుకోండి. ఎవరికి వేశారని అయ్యగారు అడిగినా చెప్పనక్కర్లేదు.

అయ్యగారిని అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళ కింద మా సంఘానికి నేనే ట్రెజరర్‌ని. మా పేట నాయకుడొకాయన చర్చికి 40 ఇనప మడత కుర్చీలు ఇచ్చాడు. ప్రతి కుర్చీ వెనక రేకు మీద ఆయన పేరు, కింద 'సౌజన్యంతో' అని ఎర్ర పెయింటు. స్తోత్రం చెప్పి దించుకున్నాం. రశీదు మీద సంతకం నాదే. ఆ వేసవిలో రెండు నెలలు పేటలో కుళాయి రాలేదు. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని కాలవ దాకా నడిచేవాళ్ళు. ఆయన దగ్గరికెళ్ళి అడుగుదామని కుర్రాళ్ళు వస్తే కమిటీలో ఒక్కరం కదల్లేదు. కుర్చీలిచ్చిన మనిషి కదా! తర్వాత సిగ్గేసి, ఒక శనివారం పొద్దున బ్లేడు పట్టుకుని కూర్చుని ఆ పేర్లు గీకాను. ఎరుపు పోయింది గానీ, ఎండ పడేసరికి రేకు మీద అక్షరాలు తెల్లగా మెరిసి ఇంకా బాగా కనపడ్డాయి. లంచం కళ్ళున్నవాడికి కూడా గుడ్డితనం తెస్తుందని నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఉంది. మాకు కళ్ళు బాగానే ఉన్నాయి, నోరే పడిపోయింది.

చట్టం సంగతీ వినండి, ఇది అయ్యగారికి కూడా తెలియకపోవచ్చు. గుడి, మసీదు, చర్చి, ఏ ప్రార్థనాస్థలంలోనైనా రాజకీయ ప్రచారం చేయకూడదని 1988లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాన్ని మీరితే ఐదేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా. అభ్యర్థో, ఆయన ఒప్పుదలతో మరొకరో మతం పేరు చెప్పి ఓటడిగితే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఎటూ ఒప్పుకోదు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి దాన్ని మరింత బిగించింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనంది. నలుగురు అటు, ముగ్గురు ఇటు. అంటే పెద్ద జడ్జీలకే తేలికగా తెగని విషయం. అయినా తీర్పు తీర్పే. ఇదే పని ఇంకో మతంవాళ్ళు చేస్తే మనం ఎంత గోల పెడతామో అయ్యగారిని ఒకసారి అడగండి.

ఇక మీవారి మాట. నేను ఒప్పుకోను. ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారని, మేము రోమా పౌరులమని పౌలు నిలదీశాడు. అధికారులు వచ్చి బతిమాలుకునే దాకా కదల్లేదు. అంతకంటే నాకిష్టమైంది అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో రోజూ పంచే భోజనం గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగ్గా అందట్లేదని సణుగుడు పుట్టింది. మన భాషలో రేషను గొడవ. అపొస్తలులు 'ప్రార్థన చేసుకోండమ్మా' అని పంపేశారా? లేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడు పేర్లూ చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే! అన్యాయం జరిగిన వైపు వాళ్ళ చేతికే పంపిణీ ఇచ్చారని నాకనిపిస్తుంది. అపొస్తలులు మాత్రం వాక్యం దగ్గర, ప్రార్థన దగ్గర ఉండిపోయారు. కాపరి పని అది. బియ్యం, కుళాయి, కూలి డబ్బులు, స్కూలు మరుగుదొడ్డి మీలాంటి వాళ్ళ పని. మీ ఓటు కూడా అందులోదే.

'మనం ఒక్కటిగా వేస్తేనే మనల్ని లెక్కచేస్తారు' అని మీ ఊళ్ళో ఎవరో అనే ఉంటారు. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడు. మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు వద్దని 1949లో సలహా సంఘంలో తీర్మానం పెట్టింది ఆయనే. దానివల్ల నష్టపోయామనేవాళ్ళూ ఉన్నారు, ఆ చర్చ ఇంకోసారి. అంత పెద్ద హామీ వదులుకున్న వాళ్ళ తర్వాత వచ్చి మనం రెండు స్పీకర్లకు ఓట్లు మూట కట్టి ఇస్తే ఎలా?

అందరి ముందూ అడగొద్దు, అయ్యగారికి తలవంపులవుతుంది. పాస్టరమ్మగారు ఇంట్లో ఉన్నప్పుడు మీరూ మీవారూ వెళ్ళి నెమ్మదిగా చెప్పండి. స్పీకర్లు తిరిగిచ్చేస్తే మంచిది. ఇవ్వలేమంటే వాటి విలువ ఎంతో కట్టి, సంఘం చందాతో ఆయనకు చెల్లించి, రశీదు తీసుకోండి.

ప్రశ్న: ప్రభుత్వం పాస్టర్లకిచ్చే 5,000 రూపాయల గౌరవ వేతనం తీసుకోవచ్చా? - ఒక కాపరి

జవాబు: తీసుకోవద్దని చెప్పడానికి నాకు నోరు రాదు అయ్యగారూ, పల్లె కాపరి ఇంట్లో పొయ్యి సంగతి నాకు తెలుసు. పింఛను ఆగిపోయిన ముసలమ్మ వస్తే ఆమె వెంట సచివాలయానికి నడిచి, అక్కడ గట్టిగా అడగగలరా? అడగగలిగినన్నాళ్ళూ తీసుకోండి.