పులిని చూడ్డానికైతే రాకు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట క్లాసు పీకాడు, డిగ్రీ అవ్వగానే ఇది అడవుల్లో తిరుగుతానంటోంది, అంతా నిన్ను చూసే నేర్చుకుంది అని. చివర్లో మాత్రం మెల్లిగా "అందులో జీతం గట్రా ఉంటుందా" అన్నాడు, అంటే సగం మెత్తబడ్డట్టే. ఆ సంగతి నువ్వే దాచకుండా చెప్పెయ్. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకి 37,000, అదైనా పీహెచ్‌డీలో చేరాక. అంతకుముందు ఏదో ఒక ప్రాజెక్టులో అసిస్టెంట్‌గా చేస్తావు చూడు, అప్పుడు అందులో సగం వచ్చినా గొప్పే, ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ వెతుక్కోవాలి. నన్నైతే మొదటి ఏడాది మీ నానమ్మ గాజులు తాకట్టు పెట్టి పంపింది.

పులుల్ని కాపాడాలని ఉంది అత్తా అని మెసేజ్ పెట్టావు కదా. నల్లమలలో నా మొదటి సీజన్ మొత్తం నాకు పులి కనపడలేదు, ఒక్కసారి కూడా. కనపడిందల్లా దాని మలమే. మాతో వచ్చే చెంచు అన్న ఒంగి చూసి ఇది రాత్రిది, ఇది మూడ్రోజులది, ఇది పులిది కాదు చిరుతది అని చెప్పేవాడు, ఎమ్మెస్సీ చదివొచ్చిన నాకు ఆ మూడు నెలలూ ఆయనే మాస్టారు. ఆ మలాన్ని ఎండబెట్టి, జల్లెడలో వేసి కడిగి, మిగిలిన వెంట్రుకల్ని మైక్రోస్కోపు కింద పెడితే పులి ఏం తిన్నదో తెలిసిపోతుంది, కణితి అంటే సాంబారు జింక, దాని వెంట్రుక వేరు, దుప్పి వెంట్రుక వేరు, పశువు వెంట్రుక వేరు. మలం పైపొరకి పులి పేగుల్లోని కణాలు అంటుకుని ఉంటాయి, వాటినుంచి డీఎన్ఏ తీసి ఆడదా మగదా, ఏ పులి అన్నది కూడా చెప్పొచ్చు, మన హైదరాబాద్‌లో లాకోన్స్ అని అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే ల్యాబు ఉంది, వాళ్ళు ఇలాంటి పనులు చేస్తారు. అయితే పశువు వెంట్రుకలు ఎక్కువ వస్తున్నాయనుకో, నీకు గుండెల్లో దడ మొదలవ్వాలి. ఎందుకంటే ఎవరిదో ఆవు పోయింది, మిగిలిన కళేబరం మీద ఎవరైనా కోపంతో గుళికల మందు చల్లితే పులి మళ్ళీ తినడానికొచ్చి అక్కడే చచ్చిపోతుంది. అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలూ అంతే, మనుషులు కూడా పోతున్నారు వాటి వల్ల.

అందుకే ఊళ్ళో మనుషుల దగ్గర కూర్చోవడం ముందు నేర్చుకో. నేను నేర్చుకోకుండా వెళ్ళి ఒక తప్పు చేశా. చిరుత మేకని ఎత్తుకుపోయిందని తెలిసి ఒక గూడేనికెళ్ళి ఆ ఇంటావిడ్ని ఎన్నింటికి వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, ఇంతకుముందు వచ్చిందా అని ఇరవై ప్రశ్నలు వేశా. ఆవిడ అన్నిటికీ ఓపిగ్గా చెప్పి చివర్లో "సూడి మేకమ్మా అది" అంది, కడుపుతో ఉందని. నేను తలూపి వచ్చేశా, నష్టపరిహారానికి అప్లికేషన్ ఎలా పెట్టాలో కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళయినా అది నన్ను తొలుస్తూనే ఉంది. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ముందు ఆ అప్లికేషన్ రాసిపెడతా, నా ప్రశ్నలు ఆ తర్వాతే.

చిరుతల మీద పరిశోధన చేసిన విద్యా ఆత్రేయ గారి పని తప్పకుండా చదువు. మహారాష్ట్రలో జున్నర్ వైపు చిరుతల్ని పట్టుకెళ్ళి దూరంగా అడవుల్లో వదిలేవాళ్ళు, మంచి పనే అని అందరూ అనుకున్నారు, తీరా లెక్క తీస్తే మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 ఉన్నవి 17 అయ్యాయి. తర్వాత అకోలే దగ్గర చెరుకు తోటల మధ్య కెమెరాలు పెట్టి చూస్తే 100 చదరపు కిలోమీటర్లకి దాదాపు 5 పెద్ద చిరుతలు తేలాయి, జనమేమో ఒక్కో చదరపు కిలోమీటరుకి 300 మంది ఉన్న చోట! ఓపిగ్గా లెక్క తీసేవాళ్ళు లేకపోతే ఇదంతా ఎవరికి తెలిసేది చెప్పు.

జె. విజయ గురించి కూడా చదువు. మన దేశంలో మొదటి మహిళా హెర్పెటాలజిస్టు, అంటే పాములూ తాబేళ్ళూ కప్పల్లాంటి వాటి మీద పరిశోధన చేసే మనిషి, కాలేజీలో ఉండగానే మద్రాసు స్నేక్ పార్కులో వాలంటీరుగా చేరింది. డెబ్భై ఏళ్ళుగా ఏ శాస్త్రవేత్తా చూడని కేన్ తాబేల్ని 1982లో కేరళ అడవుల్లో మళ్ళీ కనిపెట్టింది, అక్కడి కాడర్ గిరిజనుల సాయంతో. 1987లో చాలా చిన్న వయసులోనే పోయింది. 2006లో ఆ తాబేలు ప్రజాతికి, అంటే జీనస్‌కి, విజయచెలిస్ అని ఆమె పేరే పెట్టారు. ఆమెని తలుచుకుంటే నాకిప్పటికీ కళ్ళు తడుస్తాయి.

చదువంటావా, డెహ్రాడూన్‌లో డబ్ల్యూఐఐ, అదే వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, రెండింట్లోనూ వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఉంది, సీట్లు తక్కువ, ప్రతి ఏడాదీ తీసుకుంటారనుకోకు, ముందే కనుక్కో. స్టాటిస్టిక్స్ మాత్రం ఇప్పట్నుంచే పట్టు, లెక్కలు రాకపోతే కెమెరాల్లో పడ్డ ఫోటోలు ఫోటోల్లాగే మిగిలిపోతాయి. ఫారెస్టు డిపార్టుమెంటు పర్మిషన్‌కి నెలలు పడుతుంది, విసుక్కోకు.

ఇంకోటి, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా. బేస్ క్యాంపులో చాలాచోట్ల బాత్రూమ్ ఉండదు, పీరియడ్స్ అప్పుడు ఇబ్బందే, కడుపునొప్పి వస్తే ఇవాళ నడవలేను అని చెప్పెయ్, సిగ్గుపడకు. నేను నోరు మూసుకుని నడిచి కళ్ళు తిరిగి పడిపోయా ఒకసారి. ఎవరైనా నీతో తేడాగా ఉంటే, ఎంత పెద్ద సైంటిస్ట్ అయినా సరే, ఆ రోజే నాకు ఫోన్ చెయ్, థీసిస్ పోతే మళ్ళీ రాసుకోవచ్చు.

దసరా సెలవుల్లో కాకినాడ వచ్చెయ్, కోరింగ మడ అడవికి వెళ్దాం. పోటు తీశాక బురద మీద నీటికుక్కల అడుగులు, అదృష్టం ఉంటే చేపలు పట్టే బావురుపిల్లివి కూడా కనిపిస్తాయి. మీ నాన్నని కూడా లాక్కురా. నోట్‌బుక్కూ, పెన్సిలూ తెచ్చుకో, పెన్ను వద్దు, తడిస్తే రాసిందంతా పోతుంది.

మీ అత్త