అరిగిన అల్యూమినియం హౌసింగ్ బోరును కోల్డ్ స్ప్రేతో నింపవచ్చా?

గేర్‌బాక్స్ అల్యూమినియం హౌసింగ్‌లో (బయటి పెట్టెలో) బేరింగ్ కూర్చునే బోరు (గుండ్రటి రంధ్రం) అరిగి వదులైందని, వెల్డింగ్ చేయిస్తే వంకరపోతుందేమోనని అడిగారు. కోల్డ్ స్ప్రే సరిగ్గా ఇలాంటి పనికే. మరమ్మతు షాపులో ఈ పనులు దగ్గరుండి చేయిస్తుంటాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

వెల్డింగులో లోహం కరుగుతుంది, ఇందులో కరగదు. కంటికి ఆనని లోహపు పొడిని అధిక పీడనంలో ఉన్న వేడి నైట్రోజన్‌తో కలిపి, నడుమ సన్నబడి మళ్లీ వెడల్పయ్యే నాజిల్ గుండా ధ్వనిని మించిన వేగంతో కొడతారు. ఆ దెబ్బకు రేణువు అప్పడంలా చదునై, పైనున్న ఆక్సైడ్ పొర చిట్లి, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. వేగం చాలకపోతే అంటుకోకుండా ఎగిరిపోతుంది. 1980లలో సోవియట్ నగరం నోవోసిబిర్స్క్‌లో అనతోలీ పపీరిన్ బృందం దీన్ని కనిపెట్టింది. అమెరికా సైన్యం హెలికాప్టర్ల మెగ్నీషియం గేర్‌బాక్స్ హౌసింగ్‌లను ఇలాగే బాగుచేసి వాడుతోంది. మన హైదరాబాదు బాలాపూర్‌లో లోహపు పొడులు, కొత్త పదార్థాలపై పనిచేసే పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో కూడా దీనిపై పరిశోధన జరుగుతోంది.

నా అనుభవంలో అసలు కష్టమంతా స్ప్రేకి ముందే. ఏళ్ల తరబడి నూనెలో నానిన కాస్టింగ్ (పోతపోసిన హౌసింగ్) సూక్ష్మరంధ్రాల్లో నూనె దాగి ఉంటుంది. పైపైన తుడిస్తే పోదు. కాస్త వేడి చేస్తే మళ్లీ ఊరుతుంది. అది పూర్తిగా పోయాకే గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువులను గాలితో కొట్టి ఉపరితలాన్ని గరుకు చేయడం) చేయాలి, ఆ వెంటనే స్ప్రే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే అల్యూమినియం మీద మళ్లీ ఆక్సైడ్ మందమవుతుంది. పొర పెచ్చులుగా ఊడిందని ఎవరైనా చెబితే నేను మొదట అనుమానించేది ఈ దశనే. ధర మాట్లాడే ముందు, శుభ్రం ఎలా చేస్తారో షాపువాళ్లను అడగండి. తడబడితే వేరే షాపు చూసుకోండి.

పొరను కావలసినదానికంటే మందంగా వేయించి, తర్వాత బోరింగ్ చేసి (లోపలి నుంచి చెక్కి) కొలతకు తేవాలి. నాజిల్ ఉపరితలానికి దాదాపు నిటారుగా ఉండాలి కాబట్టి ఇరుకైన, లోతైన బోరు అయితే ప్రత్యేకమైన నాజిల్ అవసరం. ఇక హౌసింగ్‌కు బరువు మోసే చోట పగులు ఉంటే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. స్ప్రే చేసిన పొర గట్టిగానే ఉంటుంది కానీ పెద్దగా సాగదు. లాగుడు బలానికి చిట్లుతుంది.

బోరు వ్యాసం, లోతు, ఎంత అరిగిందో రాయండి. స్ప్రే చేయించాలా, స్లీవు (బోరులో బిగించే లోహపు గొట్టం) వేయించుకుంటే సరిపోతుందా అన్నది అప్పుడు చెప్పగలను.